అసంపూర్ణ కుటుంబాలు ఇచ్చట వేచియుండవలెను

నగర ప్రదర్శనశాలకు జనం రావడం లేదన్న సంగతి పైవాళ్ళకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. పైవాళ్ళు కూడా అక్కడికి వచ్చేవారు కాదు గనక తెలిసే మార్గం లేకపోయింది. ఒక రోజు పెద్ద వాన కురిసి, సకుటుంబంగా కారులో పోతున్న ఒక కార్యదర్శిగారికి రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు అడ్డం వచ్చి, తలదాచుకోవడానికి ఆ భవనం వరండా ఎక్కడంతో గుట్టు బయటపడింది.

లోపల హాళ్ళన్నీ ఖాళీ. రాతి శిల్పాల హాల్లో మాత్రం ఒక ముసలావిడ, ఒళ్ళో నల్ల గొడుగు పెట్టుకుని, ఒక శిల్పం ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. కార్యదర్శిగారి పిల్లలు ఆవిడ కూడా ప్రదర్శనలో వస్తువే అనుకుని దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. ఆవిడ తుమ్మింది. పిల్లలు జడుసుకుని ఏడ్చారు. కార్యదర్శిగారు ఆఫీసుకు వెళ్ళగానే, "ఒంటరి వృద్ధులు తప్ప కుటుంబములు కనిపించలేదు. తగు చర్య తీసుకోవలెను" అని ఒక ముక్క రాసి పంపారు.

కుటుంబాలను రప్పించడం కష్టం. ఒంటరి వృద్ధులను ఆపడం సులువు. ప్రదర్శనశాల డైరెక్టరు వామనమూర్తిగారు అనుభవజ్ఞులు కాబట్టి సులువైన దానితో మొదలుపెట్టారు.

ఆ ముసలావిడ పేరు మాణిక్యాంబ. ప్రదర్శనశాల వెనక సందులో ఒక గదిలో ఉంటూ జాకెట్లు కుట్టేది. కళ్ళు మందగించాక ఇప్పుడు హుక్కులు, చేతిపనీ మాత్రం చేస్తోంది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఒకప్పుడు ఒకాయన ఉండేవాడు. మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. పెళ్ళయిన ఏడో ఏట, ఒక తెల్లవారుజామున ఆవిడ నిద్ర లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. చొక్కా లేదు, చెప్పులు లేవు. తలుపు బయటినుంచి చప్పుడు కాకుండా దగ్గరగా వేసి ఉంది. నీళ్ళు పట్టుకోవడానికి లేచిన ఎదురింటావిడ చెప్పిన దాన్నిబట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని సందు చివరిదాకా నడిచి, అక్కడ తొడుక్కున్నాడట. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ముందు రోజు రాత్రి బెండకాయ పులుసు బాగుందన్నాడు కూడా. అంతే. ఉత్తరం లేదు, కబురు లేదు, పోయినట్టు వార్త కూడా లేదు. బొట్టు పెట్టుకోవాలో తీసెయ్యాలో చెప్పేవాళ్ళు లేక ఆవిడ పెట్టుకునే ఉంది.

అందుకే ఆ శిల్పం. పలనాటి సున్నపురాయి పలక, మంచమంత ఉంటుంది. దాని మీద ఒక రాజకుమారుడు అర్ధరాత్రి ఇల్లు విడిచి వెళ్ళిపోతున్నాడు. ఆయన ఎవరో, తరవాత లోకానికి ఎంతటి గురువయ్యాడో అందరికీ తెలుసు. మాణిక్యాంబ ఆయన్ని పెద్దగా చూసేది కాదు. ఆవిడ చూపంతా పలకకు ఎడమ పక్కన, మంచం మీద బిడ్డ మీద చెయ్యి వేసి పడుకున్న ఇల్లాలి మీదే. కుడి పక్కన గుర్రం. గుర్రం కాళ్ళ కింద పొట్టి పొట్టి యక్షులు నలుగురు డెక్కలను అరచేతుల్లో మోస్తూ ఉంటారు, చప్పుడు కాకుండా. చెక్కిన శిల్పి ఎవరోగాని ఇలాంటి ప్రయాణాల సంగతి తెలిసినవాడే అనుకునేది మాణిక్యాంబ. తన ఇంట్లో యక్షులు లేరు, ఆయనే చెప్పులు మోసుకున్నాడు.

ఈ ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళ మొగుళ్ళు తాగారు, కొట్టారు, పోయారు, ఇంకోదాన్ని తెచ్చుకున్నారు. ఇలా నిద్రలో ఉండగా మొగుడు వదిలి వెళ్ళిన మనిషి తనకు తెలిసి ఈ ఒక్కతే. అందుకని ప్రతి మంగళవారం, పనికి సెలవిచ్చి, ఆవిడ దగ్గరికి వచ్చి కూర్చునేది. పేరంటానికి వెళ్ళినట్టే.

ఆ మంగళవారం గేటు దగ్గర గవరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. గవరయ్య చాలాకాలంగా అక్కడ కాపలా. ఆవిడ గొడుగు ఎన్నోసార్లు మర్చిపోతే తెచ్చి ఇచ్చినవాడు.

"మామ్మగారూ, తమరు లోపలికెళ్ళడానికి వీల్లేదండి. కుటుంబం ఉండాలంట."

"నాకెక్కడిది గవరయ్యా?"

"అదే అడగమన్నారండి."

గోడ మీద కొత్త బోర్డు ఉంది. కుటుంబ వికాస సందర్శన పథకం. దాని కింద వివరణ. కుటుంబమనగా మూడు తరముల సమాహారము. తాత లేక మామ్మ, తల్లి మరియు తండ్రి, కనీసము ఒక బిడ్డ. ఈ మూడింటిలో ఏ తరము లోపించినను అది అసంపూర్ణ కుటుంబముగా పరిగణింపబడును. గేటు పక్కన, చెప్పుల స్టాండు దగ్గర, రేకుల పంచ కింద ఒక సిమెంటు బెంచీ వేశారు. దాని మీద ఇంకో బోర్డు: అసంపూర్ణ కుటుంబాలు ఇచ్చట వేచియుండవలెను.

ఎంతసేపు వేచి ఉండాలి అని మాణిక్యాంబ అడిగింది. సంపూర్ణం అయ్యేదాకానట. ఆవిడ కూర్చుంది. ఆవిడకు ఆ పని అలవాటే.

ఆ వారమంతా లోపలికి ఒక్కరూ పోలేదు. బెంచీ మాత్రం నిండింది. కాలేజీ కుర్రాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, బొమ్మలు గీసుకునే అమ్మాయి ఒకతె, ఎక్కడినుంచో వచ్చిన పరిశోధకుడు. ఆదివారం నాడు ఒక కుటుంబం వచ్చింది. భర్త కామేశ్ విద్యుత్తు ఆఫీసులో పనిచేస్తాడు. భార్య హైమావతి. రెండు జడల కూతురు చిన్ని. మామ్మ లేదు. పల్లెలో ఉంది, మోకాళ్ళ నొప్పులు.

"పిల్లకి ప్రాజెక్టు ఉందండి. రాతి బొమ్మలు చూసి రాయాలంట. ఇంత దూరం వచ్చాం" అని హైమావతి గవరయ్యను బతిమాలింది. గవరయ్య బెంచీ వైపు చూశాడు. హైమావతి కూడా అటే చూసింది. మంగళవారం నుంచీ రోజూ వచ్చి బెంచీ చివర నల్ల గొడుగు పట్టుకుని కూర్చుంటున్న మాణిక్యాంబ, సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళ ముందు కూర్చున్నట్టు సర్దుకుంది.

అలా ఆవిడకు ఒక కొడుకు, కోడలు, మనవరాలు కలిగారు. గేటు దాటగానే గుమస్తా వచ్చి నలుగురి నడుములకూ కలిపి ఒక ఆకుపచ్చ రిబ్బను కట్టాడు. దాని పేరు ఏకసూత్రం. లోపల కుటుంబాలు చెదిరిపోకుండా, ఎవరూ తప్పిపోకుండా ఏర్పాటు. కట్టిన రిబ్బను బయటికి వెళ్ళే గేటు దగ్గరే విప్పుతారు. మధ్యలో విప్పుకుంటే కుటుంబ విచ్ఛిన్నం కింద లెక్క. డైరెక్టరుగారు పత్రికలవాళ్ళతో చెప్పిన మాట ఏమిటంటే, ఇది కేవలం రిబ్బను కాదు, ఒక విలువ అని.

విలువతో నడవడం కష్టమైంది. కామేశ్ కత్తుల హాలు చూడాలంటాడు, హైమావతి నగల హాలు వైపు లాగుతుంది. చిన్ని మధ్యలో ఊగుతుంది. మరుగుదొడ్డి దగ్గర నలుగురూ తలుపు బయట వరసగా నిలబడాల్సి వచ్చింది. మాణిక్యాంబ మాత్రం ఏ లాగుడికీ ఎదురు చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఆవిణ్ణి ఎటువైపూ లాగినవాళ్ళు లేరు. నడుము దగ్గర ఆ కాస్త ఒత్తిడి ఆవిడకు బాగానే ఉంది. రాతి హాలు వచ్చాక మాత్రం ఆగిపోయింది. రిబ్బను బిగిసింది. మిగతా ముగ్గురూ ఆగక తప్పలేదు.

"వీళ్ళేం చేస్తున్నారు మామ్మా?" అని చిన్ని యక్షులను చూపించింది.

"గుర్రం కాళ్ళు పట్టుకున్నారు. చప్పుడు కాకుండా."

"ఎందుకు?"

"ఆవిడకి మెలకువ రాకూడదని."

"వస్తే ఏమవుద్ది?"

ఈ ప్రశ్న మాణిక్యాంబ తనకు తాను ఎన్నిసార్లు వేసుకుందో లెక్కలేదు. "అడుగుద్ది" అంది.

"ఏమని?"

"ఎక్కడికి అని."

చిన్ని ఆ మాట పుస్తకంలో రాసుకుంది. బయటి గేటు దగ్గర గుమస్తా రిబ్బను ముడి విప్పాడు. ఆ పిల్ల చెయ్యి ఊపి, "వెళ్తాం మామ్మా" అంది. మాణిక్యాంబ ఆ పిల్లను ఆపింది. వెళ్తాం అనకూడదు, వెళ్ళొస్తాం అనాలి అని చెప్పింది. అలా అనకుండా గడప దాటినవాళ్ళ మీద ఆవిడకు నమ్మకం లేదు. చిన్ని వెనక్కి వచ్చి, వెళ్ళొస్తాం అని, మళ్ళీ వెళ్ళింది.

పథకం ఊహించనంత విజయవంతమైంది. మామ్మ లేని కుటుంబాలు ఊళ్ళో బోలెడు. కుటుంబం లేని మామ్మలు అంతకంటే ఎక్కువ. ఆదివారం వచ్చేసరికి గేటు దగ్గర ఆటో స్టాండులా మామ్మల స్టాండు వెలిసింది. ఉతికిన చీరలు కట్టుకుని, మంచినీళ్ళ సీసాలు పట్టుకుని వరసగా నిలబడేవారు. వరస తప్పి ముందుకొచ్చిన మామ్మను మిగతావాళ్ళు కేకలేసేవారు. కుటుంబాలు ఏరుకునేవి. ఎక్కువ మాట్లాడే మామ్మలకు గిరాకీ తగ్గింది. కోడళ్ళు ముందే అడిగేవారు, "లోపల మీకేమన్నా అభిప్రాయాలుంటాయా అండీ?" అని. ఉండవన్నవాళ్ళను తీసుకెళ్ళేవారు.

ఒకసారి నాణేల హాల్లో పెద్ద చిక్కు వచ్చింది. ఒకాయన భార్యాబిడ్డలతో, ఒక అద్దె మామ్మతో ఆకుపచ్చ రిబ్బనులో వస్తున్నాడు. ఎదురుగా ఎవరిదో వేరే కుటుంబపు రిబ్బనులో ఆయన సొంత తల్లి వస్తోంది. ఆవిణ్ణి ఎండగా ఉంది, ఇంట్లో పడుకోమని చెప్పి వచ్చారట. ఆవిడ కాస్త పడుకుని, లేచి, స్టాండుకు వచ్చింది. రెండు రిబ్బన్లూ ఎదురెదురుగా ఆగిపోయాయి. కొడుకు తల్లిని తన రిబ్బనులోకి మార్చమని గుమస్తాను అడిగాడు. వీలు కాదు, కట్టిన కుటుంబం కట్టినట్టే బయటికి వెళ్ళాలన్నాడు గుమస్తా. మీరు సొంత కొడుకా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదన్నాడు. తల్లి మాత్రం కులాసాగానే ఉంది. "మీరు చూసుకోండి నాయనా, మా కోడలు నాకు బంగారు నాణేలు చూపిస్తానంది" అని, తనను కట్టుకున్న కోడలి వెంట వెళ్ళిపోయింది.

ఈ పోటీలో మాణిక్యాంబ వెనకబడలేదు. చిన్ని వాళ్ళు ప్రతి ఆదివారం వచ్చి ఆవిణ్ణే కోరుకునేవారు. ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయినా ఏదో వంక పెట్టి ఆ పిల్ల తండ్రిని లాక్కొచ్చేది. రిబ్బను విప్పే చోట ఆవిడ ప్రతిసారీ ముడి మీద చెయ్యి వేసి, కాసేపటికి తీసేది. అయినా వారానికి ఒకసారి ఆ రాతి ఇల్లాలిని చూడాలంటే ఆ ముడి పడాలి, విడాలి. మాణిక్యాంబ ఓర్చుకుంది.

జనం పెరిగాక డైరెక్టరుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చేవాళ్ళు కుటుంబాలుగా వస్తున్నారు సరే, లోపల ఉన్న వస్తువుల సంగతేమిటి? వాటిలో క్రమశిక్షణ లేదు. ఎక్కడివక్కడ ఒంటరిగా నిలబడి ఉన్నాయి. ఇది కుటుంబాల మనసుల మీద ఎలాంటి ప్రభావం చూపుతుంది? వెంటనే కుటుంబ హిత పరిశీలనా సంఘం ఏర్పడింది. డైరెక్టరుగారు అధ్యక్షులు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక ఇంజినీరు సభ్యులు. సంఘం ప్రతి హాలూ తిరిగింది.

ఒంటరిగా నాట్యం చేస్తున్న కంచు స్త్రీని పెళ్ళికాని పెద్దకూతురుగా నమోదు చేసి, రెండు హాళ్ళ అవతల ఉన్న వేరే శతాబ్దపు దంపతుల పక్కకు మార్చారు. జత లేని చెవిపోగును గోదాములో పెట్టారు. తల విరిగిపోయిన ఒక రాజు విగ్రహం దగ్గర చాలాసేపు చర్చ జరిగింది. తల లేకపోయినప్పటికీ ఆయనను కుటుంబ పెద్దగా గుర్తించుటకు అభ్యంతరం లేదని, ఇందుకు తగిన ఉదాహరణలు సమాజంలో ఉన్నాయని హెడ్మాస్టరుగారు చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు.

చివరికి సున్నపురాయి పలక దగ్గరికి వచ్చారు. ఆ రోజు ఆదివారం. మాణిక్యాంబ రిబ్బనులో అక్కడే ఉంది. డైరెక్టరుగారు పలకను పైనుంచి కిందికి చూసి ముఖం ముడుచుకున్నారు.

"ఆయన తరవాత ఏమయ్యారన్నది వేరే విషయం. దానిని ఈ సంఘం శిరసావహిస్తుంది. కానీ బయలుదేరేటప్పుడు ఇంట్లో చెప్పలేదన్నది మాత్రం రికార్డులో కనిపిస్తోంది. పిల్లల ఎదుట ఇది ఉంచదగిన విషయమేనా?"

గోదాముకు పంపడమే మంచిదని ఇంజినీరు అన్నాడు. గోదామంటే ఏమిటో మాణిక్యాంబకు తెలుసు. లోపలికి పోయినవి మళ్ళీ బయటికి రావు. మొదటిసారి మొగుడు వెళ్ళినప్పుడు తను నిద్రపోతోంది. ఈసారి నిద్రపోవడం లేదు. ఆవిడ రిబ్బనుతో సహా ముందుకు నడిచింది. వెనకాల కామేశ్, హైమావతి, చిన్ని వరసగా ముందుకొచ్చారు.

"పంపించకండి బాబూ. ఏదో ఒకటి రాసి ఇక్కడే ఉంచండి" అంది.

డైరెక్టరుగారికి ఆ మాట నచ్చింది. ఒక సంపూర్ణ కుటుంబం, నలుగురూ ఒక్క గొంతుతో, ఒక శిల్పాన్ని కోరుతోంది. ఇది పథకం ఫలితం. ఏదో ఒకటి రాయడమన్నది ఆయనకు చేతనైన పని కూడాను. వారం తిరగకుండా పలక కింద కొత్త చీటీ వెలిసింది. విధినిర్వహణానంతరము రాత్రివేళ గృహమునకు తిరిగివచ్చుచున్న తండ్రి. ఆయన వాహనమునకు సేవ చేయుచున్న బిడ్డలు. వేచి వేచి నిద్రించిన ఇల్లాలు.

మాణిక్యాంబ దాన్ని కూడబలుక్కుని చదివి, పక్కనే కూలబడింది. ఈ ఊళ్ళో ఆవిడ బాధ తెలిసిన మనిషి ఒకతే ఉండేది. ఇప్పుడు ఆ మనిషి మొగుడు కూడా తిరిగొచ్చేశాడు.

అదే రోజు ఆవిడకు ఉద్యోగం ఇచ్చారు. రోజూ ఆ శిల్పం దగ్గరే ఉండి, వచ్చే పిల్లలకు దాని కథ చెప్పాలి. చీర మీద పిన్నుతో గుచ్చుకునే బిళ్ళ ఇచ్చారు, అధికారిక మామ్మ అని. రిబ్బను అక్కర్లేదు, గేటు దగ్గర అడ్డం లేదు, మంగళవారమే కాదు, ఎప్పుడైనా రావచ్చు. చెప్పాల్సిన మాట ఒక్కటే. చూశారా పిల్లలూ, నాన్నగారు ఇంటికొచ్చేశారు.

ఆవిడ చెప్పింది. ఆవిడ చెప్పకపోతే బిళ్ళ తీసేస్తారు, బిళ్ళ తీసేస్తే గేటు మూసుకుంటుంది. అందుకని చెప్పింది. చెప్పిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, పడుకున్న ఇల్లాలి వైపు ఒకసారి చూసేది. తప్పుగా అనుకోకు అన్నట్టు.

కానీ అనుమానాలు మొదలయ్యాయి. తిరిగొచ్చేవాడి గుర్రం ముఖం బయటివైపు ఎందుకుందని హెడ్మాస్టరుగారికి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. కార్యదర్శిగారు పథకం వార్షికోత్సవానికి సకుటుంబంగా వస్తున్నారు. ఆయన అడిగితే ఏం చెప్పాలి? సంఘం మళ్ళీ కూర్చుంది. రాయిని రెండు ముక్కలు చేసి గుర్రాన్ని తిప్పి పెట్టవచ్చా అని కూడా ఆలోచించారు గాని, ప్రాచీన సంపద అని భయపడ్డారు. అప్పుడు ఇంజినీరు లేచి, చేతులు కడుక్కునే చోట ఉన్న అద్దం దగ్గరికి అందరినీ తీసుకెళ్ళాడు.

"నా జేబు ఎటుందండీ? ఎడమవైపు. అద్దంలో? కుడివైపుకి మారిపోయింది. అదీ సంగతి. మన గుర్రం ఇప్పుడు కుడివైపుకి పోతోంది. ఎదురుగా అద్దం పెడితే ఎడమవైపుకి పోతుంది. ఎడమవైపు ఏముంది? ఇల్లాలు."

అందరూ చప్పట్లు కొట్టారు. గుర్రంతోపాటు ఇల్లాలు కూడా అద్దంలోకి వస్తుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళ లెక్కలో ఇల్లాలు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది.

శిల్పానికి ఎదురుగోడకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా అద్దం బిగించి, దాని మీద తెర కప్పారు. ముహూర్తం దాకా ఎవరూ చూడకూడదు. సందర్శకులు ఇకమీదట శిల్పానికి వీపు పెట్టి నిలబడి అద్దంలో మాత్రమే చూడాలని, వెనక్కి తిరిగి చూడటం నిషేధమని గోడ మీద రాయించారు. ఇలా చేస్తే వచ్చిన కుటుంబం, రాతి కుటుంబం ఒకే అద్దంలో కనిపించడం అదనపు లాభం అని డైరెక్టరుగారు మురిసిపోయారు.

వార్షికోత్సవం నాడు హాలు రిబ్బన్లతో కిక్కిరిసింది. కార్యదర్శిగారు తన భార్యాబిడ్డలతో, తల్లితో కలిసి రిబ్బనులోనే వచ్చారు. చిన్ని వాళ్ళు వేరే మామ్మను కట్టుకుని ముందు వరసలో ఉన్నారు. డైరెక్టరుగారు సుదీర్ఘంగా మాట్లాడారు. చరిత్రలో జరిగిన చిన్న చిన్న పొరపాట్లను పరిపాలనా దక్షతతో సరిదిద్దవచ్చునని, ఎన్నో తరాలుగా ఇంటికి దూరమైన ఒక తండ్రిని ఈ ప్రదర్శనశాల ఇల్లు చేర్చిందని చెప్పారు. అందరూ శిల్పానికి వీపు పెట్టి నిలబడ్డారు. కార్యదర్శిగారు తాడు లాగారు. తెర జారింది.

అద్దంలో ఇల్లాలు కుడివైపు పడుకుని ఉంది. గుర్రం ఎడమవైపు వెళ్ళిపోతోంది.

ఇంజినీరు తన జేబు వైపు చూసుకున్నాడు. డైరెక్టరుగారు మాత్రం అనుభవజ్ఞులు. "వచ్చేశారు" అని గట్టిగా అని చప్పట్లు కొట్టారు. రిబ్బన్లన్నీ చప్పట్లు కొట్టాయి. ఆయన చెయ్యి ఊపి, అధికారిక మామ్మను పిల్లలకు కథ చెప్పమన్నారు.

మాణిక్యాంబ అద్దంలోకి చూస్తోంది. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ ఇల్లాలిని ఎదురుగా చూసిందే గాని, ఇద్దరూ ఒకే చోట ఎలా ఉంటారో చూడలేదు. అద్దంలో తను మంచం పక్కనే నిలబడి ఉంది. ఒకావిడ పడుకుని ఉంది, ఒకావిడ లేచి నిలబడి ఉంది. లేచినావిడ ముసలిది. అవతల గుర్రం, ఎటు తిప్పినా, పోతూనే ఉంది.

"మామ్మా, వచ్చేశాడా?" అని చిన్ని అడిగింది.

చెప్పాల్సిన మాట ఆవిడకు బాగా వచ్చు. చీర మీది బిళ్ళను ఒకసారి తడుముకుంది. గేటు, బెంచీ, చెప్పుల స్టాండు కళ్ళ ముందు కదిలాయి. ఆ పిల్ల ముఖం చూసింది.

"ఇంకా రాలేదమ్మా" అంది.

కార్యదర్శిగారు కళ్ళజోడు సవరించుకుని అద్దంలోకి చూశారు. ఆపైన, నిషేధం సంగతి మర్చిపోయి, వెనక్కి తిరిగి రాతిని చూశారు. ఆయన రిబ్బనులో ఉన్న తల్లి, భార్య, పిల్లలు కూడా తిరిగారు.

"రాలేదా?" అని డైరెక్టరుగారిని అడిగారు.

"సాంకేతికంగా చూస్తే, సార్, ఆగమన ప్రక్రియ కొనసాగుతోంది..."

"రాకపోతే తండ్రి లేనట్టే గదండీ. మూడు తరాల సంగతి అలా ఉంచండి, రెండో తరంలోనే సగం లోటు. ఇది అసంపూర్ణ కుటుంబం. అసంపూర్ణ కుటుంబం లోపల ఎలా ఉంది?"

నియమం డైరెక్టరుగారు రాసిందే.

చర్య ఆ పూటే జరిగింది. నిర్ధారణ కాని సమాచారం పిల్లలకు చెప్పినందుకు మాణిక్యాంబ బిళ్ళ తీసుకున్నారు. ఆవిడ గొడుగు పట్టుకుని బయటికి నడిచింది. గోదాముకు పంపాలంటే ఇంకో సంఘం వెయ్యాలి కాబట్టి, ఉన్న నియమం ప్రకారమే పోదామని శిల్పాన్ని గేటు బయటికి తరలించమన్నారు. సంపూర్ణమయ్యేదాకా అక్కడ వేచియుండవలెను.

సాయంత్రం కూలీలు తాళ్ళు కట్టి, చక్రాల బండి మీద పలకను తెచ్చారు. రేకుల పంచ కింద, సిమెంటు బెంచీ పక్కన దించారు. ఎటు తిప్పి పెట్టాలని గవరయ్యను అడిగారు. గవరయ్య మాణిక్యాంబ వైపు చూశాడు.

"ఆవిణ్ణి బెంచీ వైపు ఉంచండి" అంది ఆవిడ.

"అలాగైతే గుర్రం మొహం రోడ్డు వైపు పోద్దండి."

"పోనివ్వండి. దాని సంగతి మనకెందుకు?"

అలాగే పెట్టారు. మాణిక్యాంబ పక్కనే కూర్చుని, చీర చెంగుతో రాతి ముఖం మీది దుమ్ము తుడిచింది. లోపల తాకనిచ్చేవారు కాదు, మధ్యలో తాడు కట్టి ఉండేది. చెంప చల్లగా ఉంది. బిడ్డ మీద వేసిన చేతి వేళ్ళు అరిగిపోయి, వేళ్ళ మధ్య సందులు కనపడడం లేదు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

వేడుక ముగిసి కుటుంబాలు బయటికి వస్తున్నాయి. గుమస్తా ముళ్ళు విప్పుతుంటే ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. చిన్ని బెంచీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "వెళ్ళొస్తాం మామ్మా" అంది. ఒక్క క్షణం ఆగి, రాతి ఇల్లాలితో కూడా అదే చెప్పి వెళ్ళింది.

సన్నగా చినుకు మొదలైంది. గవరయ్య గేటుకు గొలుసు వేస్తూ వచ్చాడు.

"మామ్మగారూ, నామాట వినండి. ఆదివారం ఏ కుటుంబం చేతనన్నా మిమ్మల్నిద్దర్నీ కలిపి రిబ్బను కట్టించేస్తాను. రాయైతే ఏంటండి, లోపల ఇంతకంటే గట్టి రాళ్ళు తిరుగుతున్నారు. ఇద్దరూ లోపలికెళ్ళిపోవచ్చు."

"వద్దులే గవరయ్యా. ఇక్కడ గాలి బాగుంది" అంది.

గవరయ్య వెళ్ళాడు. రేకుల సందునుంచి నీళ్ళు పలక మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి. మాణిక్యాంబ గొడుగు విప్పి, తన తల మీదినుంచి కాస్త పక్కకు జరిపి, మంచం మీదికి పట్టుకుంది. గుర్రం తడుస్తోంది. తడవనీ అనుకుంది.

"నువ్వు పడుకో" అంది మెల్లగా. "నేను మెలకువగానే ఉన్నాలే."